మోతలో పాడిన పాట

నా చిన్నప్పుడు మాకు శుక్రవారమంటే కరెంటు లేని రోజు. బొంబాయి దగ్గర భివండిలో కనేరి వైపు, సాంచాల కార్ఖానాకు, అంటే మరమగ్గాల కార్ఖానాకు, గోడ ఆనించి కట్టిన ఒక చాల్‌లో మా ఒక్క గది ఖోలి ఉండేది. ఒకే వరుసలో ఖోలీలు, వాటి ముందు పొడుగాటి వసారా, వసారా చివర నల్లా. వారమంతా పగలూ రాత్రీ ఆడే సాంచాలు శుక్రవారం పొద్దున ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికి మొదట చెవులు గుయ్యిమనేవి. మగ్గం మనుషులు వారమంతా మోతలో పెదవులు చూసి, చేతులూపి మాట్లాడుకునేవాళ్ళు కదా, ఆ రోజు కూడా మాట తగ్గించడం చేతకాక పక్కనే కూర్చున్నవాళ్ళతో ఊరవతలివాళ్ళను పిలిచినట్టు అరిచేవాళ్ళు. మా చాల్‌లో రహస్యమన్నది ఎప్పుడూ నిలవలేదు. ఎట్లా నిలుస్తుంది, అందరి గొంతులూ అట్లాంటివి.

మధ్యాహ్నం తిండి అయ్యాక పక్కింటి అక్క తన టేపు రికార్డరు వసారాలో పీట మీద పెట్టేది. సెల్లులతో నడిచే టేపు అది. దాన్ని చూస్తే చాలు, ఒక్కొక్కరూ చేతిలో ఒక క్యాసెట్టుతో వచ్చి కూర్చునేవాళ్ళు. మామూలుగా కలుసుకున్నప్పుడు మనుషులు తిన్నావా, పన్నావా అని అడుగుతారు. శుక్రవారం మా వసారాలో మాత్రం అడిగే ప్రశ్న ఒకటే. "ఈ వారం ఏం ఇంటున్నవ్?" అడిగినవాళ్ళకు జవాబు చెప్పాలి, క్యాసెట్టులోంచి ఒక పాట వినిపించాలి, అది ఎందుకు వింటున్నారో చెప్పాలి. పాట అయిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అయ్యాక ఎవరేమన్నా అనవచ్చు. ఈ పద్ధతి అక్క పెట్టిందే.

మా అమ్మకు తమ్ముడి వరసయ్యే మామ ఒకాయన ఉండేవాడు. సాంచాలు నడిపేవాడు, ఉర్దూ ముక్క రాదు, వినేవి మాత్రం గజళ్ళు. అర్థం తెలియకపోయినా కళ్ళు మూసుకుని, ఎక్కడ వాహ్ అనాలో అక్కడే అనేవాడు. చివరి ఖోలి తాత ఊరి నుంచి తెప్పించుకున్న ఒగ్గు కథల క్యాసెట్లు తెచ్చేవాడు. ఒక కథ పూర్తికావడానికి ఆయనకు నెల పట్టేది, మాకూ పట్టేది. అక్క మరాఠీ బడిలో చదువుకుంది కాబట్టి మరాఠీ పాటలు పెట్టి మధ్యమధ్య తెలుగులో విడమరిచి చెప్పేది. ప్రేమలో దెబ్బతిన్న ఒకబ్బాయి రెండు వైపులా ఒకే పాట నింపించుకున్న క్యాసెట్టు తెచ్చి, ఏ వైపు తిప్పినా అదే వస్తుంటే తల వంచుకుని కూర్చునేవాడు.

నేను క్యాసెట్టు లేకుండా వచ్చి కూర్చునేదాన్ని. మా బాపు ఎప్పుడో కొన్న టేపు ఊళ్ళో మేనత్త పెళ్ళికి కానుకగా వెళ్ళిపోయింది. మా ఇంట్లో పాట లేకపోయినా, ఇంకొకళ్ళ పాట మీద అభిప్రాయం లేకుండా నేనెన్నడూ లేను. ఆ గాయకుడికి ముక్కు దిబ్బడ పట్టింది, ఈ పాటలో డోలు ఎక్కువ, ఆ కథలో రాజు అంత తెలివితక్కువవాడైతే రాజ్యం ఎట్లా ఏలాడు అని మొదలుపెడితే పెద్దవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. వకీలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు విని పొంగిపోయేదాన్ని. పాట అయిపోయేదాకా ఆగాలన్న పద్ధతిని కూడా నా ఒక్కదాని కోసం చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. మాట మధ్యలో దూరడం నాకు అట్లా అలవాటయింది. ఇప్పటికీ మా ఇంట్లో నా ముందు ఒక వాక్యం పూర్తిచేసినవాళ్ళు తక్కువే, అది వేరే సంగతి.

ఒక శుక్రవారం మామ గజల్ మీద కూడా అట్లాగే విరుచుకుపడ్డాను. అర్థం తెలియని పాటకు తలూపడం ఏమిటి, రేపు ఎవరో నిన్ను తిడుతూ పాడినా వాహ్ అంటావా అన్నాను. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు కానీ ఈసారి ఊరుకోలేదు.

"అందరి బియ్యంల రాళ్ళేరుతవ్ గని, నీ బియ్యమేవే వకీలమ్మా? వచ్చే శుక్రవారం నువ్వొకటి తేవాలె. తేకపోతే గా నల్లా కాడ కూసోని ఇను, ఈడ గాదు."

సరదాకే అన్నాడు. కానీ అక్క కూడా నవ్వి, "అవునే, ఐక్ నా, ఇనవే, నీ వంతు గూడ రావాలె గద" అంది. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ వసారాలో నా చోటు పోతే నాకు ఇంకేముంది? బడిలో మరాఠీ పిల్లల ముందు నా మరాఠీకి నవ్వేవాళ్ళు. నా మాటకు విలువున్న చోటు ఆ శుక్రవారం ఒక్కటే.

వారమంతా అమ్మ ప్రాణం తీశాను. మా అమ్మ కార్ఖానా గోడ పక్కన చిన్న రేకుల కింద కూర్చుని కండెలు చుట్టేది, అంటే నాడెలో పెట్టే నూలు కండెలు. ఆమెకు నా నోట్లో పావు వంతు కూడా లేదు. ఎవరేమన్నా ముందు అవును అని, తరువాత ఆలోచించుకునే మనిషి. క్యాసెట్టు కావాలి, ఎవరినైనా అడిగి తే, లేకపోతే నేను బడికి పోను అని వాదించాను. చివరికి గురువారం సాయంత్రం ఆమె ఇనప్పెట్టె తెరిచి బట్టల అడుగు నుంచి ఒక క్యాసెట్టు తీసింది. పైన సినిమా పాటల అట్ట ఉంది. హీరోయిన్ చేతిలో పూలు కూడా ఉన్నాయి. నేను లాక్కున్నంత పని చేశాను.

"అది గాదు బిడ్డా, అండ్ల..." అంది అమ్మ.

"ఏమున్నా మంచిదే, ఉన్నది సాలు" అని అట్ట చదువుకుంటూ బయటికి ఉరికాను. అమ్మ మాట పూర్తి కాలేదు. ఆమె మళ్ళీ పిలవనూ లేదు. ఎందుకు పిలవలేదా అని తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె మనసులో ఏ మూలనో అది నలుగురి చెవిన పడాలని ఉండి ఉంటుంది. ఉన్నా ఆమె నోరు తెరిచి చెప్పుకునే మనిషి కాదు.

శుక్రవారం వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, క్యాసెట్టు చేతిలో పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. క్యాసెట్టు చూడగానే అక్క మొహం మారింది. "ఇదేనా తెచ్చినవ్? మీ అమ్మకు ఎరికేనా? ఆగు, ఒకసారి..." అంటుంటే నాకు కోపమొచ్చింది. నా వంతు వచ్చేసరికి ఈమెకు అడ్డు మాటలేమిటి అనుకున్నాను. నాకన్నీ తెలుసు అని ఆమె చేతిలో పెట్టేశాను. ఆమె ఒక క్షణం మా గుమ్మం వైపు చూసింది. అమ్మ అక్కడే, గడప లోపల కూర్చుని బియ్యం చెరుగుతోంది. వద్దనలేదు. తల వంచుకుంది.

ఇక నేను మొదలుపెట్టాను. ఈ వారం నేను వింటున్నవి ఈ పాటలు, ఇంత తియ్యటి పాటలు ఈ వసారాలో ఎవరూ తేలేదు, మొదటి పాటలో వేణువు ఉంటుంది, అది వింటే గజళ్ళవాళ్ళు గజళ్ళు మానేస్తారు అని అట్ట మీది పేర్లు చూసి అల్లుకుంటూ పోయాను.

"మీ ఇంట్ల టేపే లేకపాయె, ఏడ ఇన్నవే?" అన్నాడు మామ.

"బడిల దోస్తు ఇంట్ల" అన్నాను తడుముకోకుండా.

అక్క బటను నొక్కింది.

ఖటాఖట్, ఖటాఖట్, ఖటాఖట్.

మామ ఉన్నపళాన లేచి నిలబడ్డాడు. "లైట్ ఆయా రే! కరెంటొచ్చింది!" అని ఒక్క కేక పెట్టి, లుంగీ ఎగ్గట్టి కార్ఖానా వైపు పరుగు తీశాడు. ప్రేమలో దెబ్బతిన్న అబ్బాయి తన దుఃఖం సంగతి మరిచి చెప్పులు వెతుక్కున్నాడు. లోపల నిద్రపోతున్న మా బాపు కూడా లేచి కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు. సాంచాలు నడిపేవాళ్ళకు ఆ మోత చెవిన పడితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. అది టేపులోంచి వస్తోందని ఎవరికి తడుతుంది? కాసేపటికి మామ తిరిగి వచ్చాడు. "ఏడున్నదిరా లైటు? సాంచాలన్ని సచ్చినట్టు పండుకున్నయ్" అన్నాడు. అప్పుడు అందరికీ అర్థమైంది. వసారా అంతా నవ్వు. తాతకు దగ్గు తెర పట్టుకుంది.

"ఇదేనావే నీ వేణువు? మంచిగున్నదే. రోజు ఇంటున్నం మేం గూడ" అన్నాడు మామ, చెమట తుడుచుకుంటూ.

ఆ నవ్వుల మధ్యలోంచి, ఆ మోత మధ్యలోంచి, ఒక ఆడగొంతు లేచింది. సన్నగా కాదు. మగ్గాల మోతను దాటి తనకు తాను వినబడాలని గట్టిగా ఎత్తిన గొంతు. శ్రుతి ఒకచోట నిలవదు. అక్కడక్కడా ఊపిరి చాలక ఆగుతుంది, మధ్యలో దారం తెగిందేమో ఛ అంటుంది, మళ్ళీ అందుకుంటుంది. అది మా అమ్మ.

తరువాత తెలిసింది నాకు. అమ్మకు పాటలంటే ప్రాణం. ఊళ్ళో నేర్చుకున్న వరసలకు ఇక్కడి మాటలు కట్టి పాడుకునేది. అయితే నిశ్శబ్దంలో ఆమెకు నోరు పెగలదు, సిగ్గు. సాంచాలు ఆడుతుంటేనే, ఎవరికీ వినబడదన్న ధైర్యంతోనే, కండెలు చుడుతూ పాడేది. గోడవతల కుట్టుపని చేసుకునే అక్క ఎట్లాగో పసిగట్టింది. నేను బడిలో ఉన్న ఒకరోజు టేపు తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టినంత దగ్గరగా పెట్టి, మా పాత సినిమా పాటల క్యాసెట్టు మళ్ళీ నింపడానికి వీలుగా మూల చిల్లుల్లో కాగితం కుక్కి, దాని మీదనే అమ్మ పాటలు పట్టింది. అమ్మ ఆ క్యాసెట్టును బట్టల అడుగున దాచుకుంది. వినడానికి టేపు లేదు, అయినా దాచుకుంది.

ఇవేవీ తెలియవు నాకప్పుడు. తెలిసినదల్లా, నేను వేణువు అన్నచోట మగ్గం మోగింది, నేను బడి దోస్తు అన్నచోట మా అమ్మ పాడుతోంది. రెండు చెవులూ కాలిపోతున్నాయి. నా అబద్ధం బయటపడ్డ సిగ్గు కంటే ఆ గొంతు మాది అన్న సిగ్గే ఎక్కువగా ఉంది. "బంద్ చెయ్ అక్కా, బంద్ చెయ్" అన్నాను.

అక్క బంద్ చెయ్యలేదు. నవ్వేవాళ్ళందరి వైపూ చెయ్యి చూపించి, మగ్గం దగ్గర మనుషులను ఆగమన్నప్పుడు ఊపుతారు చూడండి, అట్లా అరచెయ్యి ఊపింది. పాట అయిపోయేదాకా మాట్లాడకూడదన్న పద్ధతి అప్పుడు అందరికీ గుర్తుకొచ్చింది. పాట నడిచింది. అందులో ఒకచోట రెండు పాదాలు నాకు స్పష్టంగా వినబడ్డాయి.

నల్లా కాడి నీళ్ళల్ల నా ఊరు గనబడె,
బిందె వంచేసరికి బిరబిరా పారిపాయె.

పాట ఆగింది. ఇప్పుడు తెచ్చినవాళ్ళు చెప్పాలి. ఎందుకు వింటున్నారో, ఏం బాగుందో. అందరూ నా వైపు చూశారు. గడప లోపల చేట చప్పుడు కూడా ఆగిపోయింది. ఏ పాటకైనా పది వంకలు పెట్టే వకీలమ్మను నేను. అట్ట మీది హీరోయిన్ చేతిలో పూలు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు అక్క అంది, "పిల్లనేం అడుగుతున్నరు? ఇది నా వంతు. ఈ వారం నేను ఇంటున్నది గిదే. పిల్లను పట్టుకరమ్మన్న, పట్టుకొచ్చింది."

"మరి గా వేణువేంది?" అన్నాడు మామ.

"వేణువు ముచ్చట నీకెందుకు మామా, నువ్వు ఉరికిన ఉరుకు చూసినం గద" అంది. మళ్ళీ నవ్వారు, ఈసారి మామను చూసి. ఆ నవ్వు తగ్గాక ఆమె మెల్లగా చెప్పింది. మన దగ్గర అందరం సాంచాలు ఆగినప్పుడు పాట వింటాం, ఈమె సాంచాలు ఆడుతుండగా పాడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో గమనించారా, నాడె అటు నుంచి ఇటు వచ్చే సందులో. మోతను తాళం చేసుకుంది. ఇంకా, మనం తెచ్చుకున్న క్యాసెట్లన్నీ వేరే ఊళ్ళ పాటలు. మన నల్లా, మన బిందె ఎవరి పాటలో ఉన్నాయి? "చిన్నమ్మ పాటల ఉన్నయ్. గందుకే ఇంటున్న" అని ముగించింది.

చివరి ఖోలి తాత కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, "గా నల్లా కాడి ముచ్చట మల్లొకసారి పెట్టు బిడ్డా" అన్నాడు. మామ ఈసారి కూడా కళ్ళు మూసుకున్నాడు. వాహ్ అనలేదు. ఆయన పెదవులు కదిలాయి, అంతే. గడప దగ్గర అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ కొంగు వెనక ఏముందో నేను చూడలేదు. చూసే ధైర్యం చెయ్యలేదు. అక్క నన్నూ కాపాడింది, అమ్మనూ కాపాడింది. నేను చెప్పవలసిన మాటలన్నీ పక్కింటి మనిషి చెప్పింది. అది నాకు అప్పుడే, అక్కడే తెలిసింది. తెలిసీ కూర్చున్నాను.

ఆ సాయంత్రం అమ్మ స్టవ్వు వెలిగిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అక్క అన్నది సరే. నువ్వు చెప్పు. ఎట్లున్నది?"

ఆమెకు నా తీర్పు కావాలి. వసారాలో అందరి పాటల మీదా తీర్పు చెప్పే కూతురు తన పాట గురించి ఏమంటుందో వినాలి. ఎంత ఆశ ఉంటే ఆమె ఆ ప్రశ్న అడిగి ఉంటుంది! మధ్యాహ్నం పోయిన అవకాశం మళ్ళీ నడిచి వచ్చి నా ముందు నిలబడింది. నేనేమన్నానో తెలుసా?

"మోత ఎక్కువున్నది."

"అవు" అంది అమ్మ వెంటనే. "మోతనే." పిన్ను పెట్టి స్టవ్వు పొడిచి, మంట సరిచేసుకుని, రొట్టెల పిండి దగ్గరికి జరుపుకుంది.

తరువాతి శుక్రవారం పొద్దున ఆ క్యాసెట్టే నా చేతిలో పెట్టింది. అదే అట్ట. బజారులో పాటలు నింపే దుకాణానికి వెళ్ళి దాని మీద రెండు వైపులా సినిమా పాటలు నింపించుకుని వచ్చింది. "ఇగో, ఇప్పుడు మోత లేదు. నీ వంతుకు పట్టుకపో" అంది. మొహంలో అలక లేదు. నాకు ఏదో ఒకటి అమర్చగలిగానన్న సంతోషమే ఉంది. నేను తీసుకున్నాను. అందులో ఏం చెరిపి ఏం నింపారో నాకు తెలుసు, తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం వసారాలో ఆ పాటలు ఎందుకు వింటున్నానో ఎంత చక్కగా వాదించానంటే మామ చేతులెత్తేశాడు. నా చోటు నాకు దక్కింది. అక్క మాత్రం క్యాసెట్టును వెనకా ముందూ తిప్పి చూసి, "చిన్నమ్మ పాటలేమాయె?" అని నెమ్మదిగా అడిగింది. అమ్మే నింపించింది అన్నాను. అందరినీ అడిగినట్టు ఎందుకు వింటున్నావని ఆ రోజు నన్ను ఆమె అడగలేదు. బటను నొక్కి, కుట్టుపని ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

కాలేజీకి వచ్చాక ఆ క్యాసెట్టును మొదటి నుంచి చివరిదాకా, రెండు వైపులా వేసి విన్నాను, ఎక్కడైనా ఒక్క ముక్క మిగిలిందేమోనని. ఏమీ మిగల్లేదు. దుకాణంవాడు పని శుభ్రంగా చేశాడు.

నేను ఇప్పటికీ నోరున్న మనిషినే. కాలనీ మీటింగుల్లో నేను లేస్తే సెక్రటరీ నీళ్ళు తాగుతాడు. కానీ ఎవరైనా తమకు నచ్చినదాన్ని నా ముందు పెట్టి ఎట్లున్నది అని అడిగితే మాత్రం నాకు అమ్మ స్టవ్వు వెలిగించిన ఆ సాయంత్రం గుర్తొస్తుంది. మా అమ్మాయి తను వింటున్న కొత్త పాటను ఫోనులో పెట్టి నా చెవి దగ్గరికి తెస్తుంది. నాకది డబ్బాలో రాళ్ళు పోసినట్టుంటుంది. అయినా చివరిదాకా వింటాను. విని, అందులో నీకేం నచ్చిందో చెప్పమంటాను. అది చెప్పేదాకా నా తీర్పు నా దగ్గరే ఉంచుకుంటాను. మా అక్క వసారాలో పెట్టిన పద్ధతి నాకింత ఆలస్యంగా పట్టుబడింది.

ఆ మధ్య ఒకరోజు అమ్మ పక్కన కూర్చుని కూర తరుగుతూ, నీ పాట చాలా బాగుండేది అమ్మా, ఆ రోజు నేను తప్పు చెప్పాను అన్నాను. ఎన్నో ఏళ్ళు నోట్లో నానబెట్టుకున్న మాట అది. మా అమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తి నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఏ పాటనే?" అంది.

క్యాసెట్టు సంగతి, వసారా సంగతి మొదటి నుంచి గుర్తుచేశాను. మామ ఉరికిన ఉరుకు ఆమెకు బాగా గుర్తుంది. చెప్పుకుని చెప్పుకుని నవ్వింది. పాట మాత్రం గుర్తులేదట. అప్పట్లో ఏవో పాడుకునేదాన్నేమో అంది. అని మళ్ళీ వంకాయలు తరగడంలో పడిపోయింది. బాగుంది అన్న నా మాట ఎవరికి చేరాలో అక్కడికి చేరలేదు. చేరవలసిన మనిషి ఆ సాయంత్రం వెలిగించిన స్టవ్వు ముందే కూర్చుని, నా వైపు చూడకుండా, ఇంకా అడుగుతూనే ఉంది.